మీ అమ్మకు పై అంతస్తు ఇల్లు

అమ్మాయీ, నేను, నాన్నను. ఈ కొండ ఊరికి క్షేమంగా చేరాను, దిగులు పడకండి.

మీ అమ్మ మోకాళ్లు తలుచుకుని, కింది అంతస్తు ఇల్లే కావాలని పట్టుబట్టి తీసుకున్నాను. తీరా చూస్తే ఇక్కడ రోడ్డు పైన, ఇల్లు కింద. కూరగాయలకు వెళ్లాలన్నా మెట్లన్నీ ఎక్కాల్సిందే. ఇల్లు అద్దెకిచ్చినావిడ ఒకటే నవ్వు. "మోకాళ్ల నొప్పులైతే పై అంతస్తు అడగాలి గానీ పెద్దాయనా! పై ఇంటి గడప దాటితే రోడ్డే కదా" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పూటే సామాను పైకి మార్చాను. అద్దె మీ పట్నంలో దాంట్లో సగం కూడా లేదు. కుట్టు మిషను గుమ్మంలోనే వేశాను, అప్పుడే రెండు ప్యాంట్లు వచ్చాయి.

నా పెద్ద కత్తెర మీ ఇంట్లోనే మరిచాను, దాచి ఉంచు. పాపకు దగ్గు తగ్గిందా?

"కొండలెక్కడం నా వల్ల కాదు, మీరే పొండి" అంది కదా మీ అమ్మ. ఒక్క మెట్టు కూడా లేదని చెప్పు. బస్సు గుమ్మం ముందే ఆగుతుంది. నేను రమ్మన్నానని కాదు, నీ మాటగా చెప్పు.

అల్లుడికి, నీకు, పాపకు నా దీవెనలు. కత్తెర మీ అమ్మ చేతికిచ్చి పంపినా సరే. కిటికీ దగ్గర ఎండ పడేచోట తనకు కుర్చీ వేసి ఉంచాను.

నాన్న