బావకు గిట్టని మనిషి

జూన్ 3
బావకు పక్షవాతం వచ్చి నెలైందట. మేనకోడలు ఫోన్ చేసింది. మాట పడిపోయిందని, కుడివైపు కదలడం లేదని, నాన్న నాన్నలా లేడని ఏడ్చింది. అయ్యో అనాలి. నోరు రాలేదు. ఫోన్ పెట్టేశాక అన్నం రుచిగా తిన్నాను.

జూన్ 5, ఉదయం
చూడటానికి వెళ్తున్నాను. పరామర్శకు కాదు. నా చెల్లెలు జ్వరంతో తీసుకుంటూ అన్నయ్యను పిలవమని అడిగితే బావ పిలవలేదు. అంతా అయిపోయాక కబురు పెట్టాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఒకే కోతమిల్లులో పనిచేశాం. ఆయన దుంగలు కోసేవాడు. నేను రంపాలకు పదును పెట్టేవాణ్ణి. ఎందుకు పిలవలేదని ఒక్కసారీ అడగలేకపోయాను. రోజూ పదునైన రంపమే అందించాను.

సాయంత్రం
ముక్కులో ఆహారం ఎక్కించే ట్యూబ్. కళ్ళు సీలింగ్ మీద. మేనకోడలు పాటలు పెట్టింది, మనవడి ఫొటో చూపించింది. ఉలకడు, పలకడు. ఏ సంతోషమూ తెలియని బతుకు బతికించడం పాపం కాదా మామయ్యా, ట్యూబ్ తీసేయమంటాను అంది.
ఆమె మందులకు వెళ్ళగానే ఆయన ముఖం మీదికి వంగాను. నేనే, అన్నాను. కళ్ళు ఎర్రబడ్డాయి. ఎడమచెయ్యి పిడికిలి బిగిసింది.
నర్సు పరుగెత్తుకొచ్చింది. ఇన్నాళ్ళకు చెయ్యి కదిలింది తాతగారూ, మీరంటే ఎంత ప్రాణమో ఈయనకు అంది.
అవునమ్మా అన్నాను.

జూన్ 9
రోజూ వెళ్తున్నాను. గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని. ఇన్నేళ్ళూ నాకు మాట రాలేదు. ఇప్పుడు ఆయనకు రాదు. చెవి దగ్గర కూర్చుని చెల్లెల్ని పెట్టిన బాధలన్నీ ఒక్కొక్కటే చెప్తాను. పళ్ళు కొరుకుతాడు. ఫిజియో అమ్మాయి దవడకు బలం వస్తోందని మురిసిపోయింది.
ఇవాళ నర్సు చెంచాతో నీళ్ళు పట్టమంది. నా చొక్కా మీద ఉమ్మాడు. ఉమ్మినవాడు మింగగలడని నర్సు చప్పట్లు కొట్టింది.

జూన్ 13
జ్వరం. వెళ్ళలేదు.

జూన్ 14
ఇవాళా లేదు. గడ్డం గీసుకోలేదు. గోడ చూస్తూ పడుకున్నాను. ఆయన సీలింగ్ చూస్తున్నాడని మేనకోడలు ఫోన్‌లో చెప్పింది. మళ్ళీ నీళ్ళు మింగడం లేదట.

జూన్ 16
డాక్టర్ గదిలో కూర్చున్నాం. ట్యూబ్ ఉంచాలా తీయాలా కూతురే చెప్పాలన్నాడు డాక్టర్. నాన్న ముఖంలో ఒక్క నవ్వు కనిపించినా ఉంచమనేదాన్ని అంది ఆమె. తీసేయండి అనబోయింది.
చదువుకున్నవాళ్ళ ముందు నాకు నోరు పెగలదు. అయినా లేచాను. ఆయనకు నేనంటే ఒళ్ళుమంట, అది ఉంది కదా అన్నాను. సంతోషమే ఉండాలంటే మీ అమ్మ పోయినప్పటి నుంచి నాకూ లేదమ్మా, మరి నన్నేం చేస్తారు అన్నాను.
మేనకోడలు ముక్కు తుడుచుకుని, నాన్న మీద నీది జాలా, పగా మామయ్యా అని అడిగింది. పగే అన్నాను. అంత తేలిగ్గా పోనివ్వను.
ఏడుపులోనే నవ్వొచ్చింది దానికి. అయితే రేపట్నుంచి పొద్దున్నే రా, ఇద్దరూ కొట్టుకు చావండి అంది.
ట్యూబ్ ఉంచారు.

జూలై 8
మాట వచ్చింది. నన్ను చూసి పోరా అన్నాడు.
కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను.