శనికి చందమామలు, బర్రెకు దూడ

గౌలిపుర, సెప్టెంబరు 1981

అరవై దాటిన మాణిక్యమ్మ అనే నేను, గౌలిపురలో నా కోడలితో, మనవలతో, ఒక బర్రెతో, దాని నల్లదూడతో ఉంటూ, బల్లార్షా మిల్లులో పనిచేసే నా కొడుకు చిరంజీవి పురుషోత్తంకు రాయిస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాము. నీ వేలి కట్టు విప్పారా, ముందు అది చెప్పు.

చిన్నదాని దగ్గెట్లుందని అడిగావు, తగ్గింది. శని పట్టబట్టే మిషన్‌లో వేలు నలిగిందని జ్యోతిష్యుడు చెప్పాడని రాసి, శనివారం దూడను దానమిచ్చానా లేదా అని అడిగావు. చెబుతాను.

శనివారం దూడను పట్టుకుని నవగ్రహాల గుడికి బయలుదేరాను. దారిలో శాలిబండలో వైకుంఠం దుకాణంలో నల్ల నువ్వులు తీసుకున్నాను. పొట్లం కట్టిన పేపర్లో గుండ్రటి బొమ్మలున్నాయి. ఒకటి అమ్మవారు పోసిన మొహంలా అంతా గుంతలు. ఇంకొకటి సగం పెరుగులా తెలుపు, సగం పెనం మసిలా నలుపు. కుళ్లిన జామకాయలనుకున్నాను.

"ఇవేం కాయలు వైకుంఠం?"

"కాయలు గావవ్వా, శని చుట్టూ తిరిగే చందమామలు. యంత్రం పోయి ఫొటోలు దించిందంట."

"శనికి చందమామ ఏడిది?"

"మనకొక్కటే. ఆయనకు మస్తుగున్నయి."

అన్ని చందమామలుంటే అక్కడ పున్నమి ఏనాడు? ఆ సగానికి మసి ఎట్లా అంటింది? వైకుంఠానికి తెలియదు, ఈ ఉత్తరం రాస్తున్న పక్కింటి రాజమణికీ తెలియదు. మీ ఇంజనీరును అడిగి రాయి.

నేను ఇవన్నీ అడుగుతుంటే దూడ తల్లి కోసం అరిచింది. పాలోళ్ల ఇంట్లో పుట్టి మరిచావా? దూడ మూతి పెట్టనిదే మన బర్రె పాలు చేపదు. ఇక మేము ఏం అమ్ముతాము, నీ పిల్లలు ఏం తాగుతారు? అన్ని చందమామలను చుట్టూ ఉంచుకున్నవాడు తల్లి దగ్గరి దూడను గుంజుకుంటాడంటే నేను నమ్మను.

దాచింది ఇప్పుడు చెబుతున్నాను. దూడను ఇవ్వలేదు, దుకాణం నుంచే ఇంటికి మళ్లించాను. నువ్వులు కూడా అదే తిన్నది. నీ మాట మీద నీ బావమరిది ప్రహ్లాద్ దాన్ని తోలుకుపోను వచ్చాడు. "గా తాడు ముట్టుకో, నీ సంగతి చెప్త" అన్నాను. చాయ తాగి పోయాడు.

భయం లేక కాదు, బిడ్డా. నీ వేలు తలచుకుంటే అన్నం దిగడం లేదు. అందుకే తర్వాత ఒక్కదాన్నే గుడికి పోయి నూనె పోసి, నా నల్లచీర ఇచ్చి వచ్చాను. అవి నావి, ఇచ్చాను. దూడ దాని తల్లిది.

పోయిన ఉత్తరం వేరేవాళ్ల చేత రాయించావని రాజమణి చెప్పింది. ఈసారి నీ చేత్తో రాయి. అక్షరాలు వంకరగా ఉన్నా ఆమె చదువుతుంది.

ఇట్లు
నీ అమ్మ
మాణిక్యమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు: రాజమణి, వైకుంఠం