కిరాయి సినిమాలో భీమయ్య

జూన్ 9, ఆదివారం

కొత్త టీవీ వచ్చింది! మా అబ్బాయి రాజేశ్ తెచ్చి గోడకు బిగించాడు. గోడలో సగం అదే.

ఇంట్లో కూర్చొని ఏ సినిమా కావాలంటే ఆ సినిమా చూడవచ్చట. రెండు పద్ధతులు. కిరాయికి తీసుకోవచ్చు, లేదా కొనుక్కోవచ్చు. కిరాయి సినిమాను మొదలుపెట్టిన రెండు రోజుల్లో పూర్తి చేయాలి. చేయకపోతే దానంతట అదే మాయమవుతుంది. కొన్నది ఉంటుంది.

మా ఆయన జానయ్య పశువుల దవాఖానలో అటెండరుగా రిటైరయ్యారు. ఆయన ఓటు కొనడానికే.

"కొంటె మనదైతది గద. కిరాయి ఇండ్లల్ల ఉన్నది సాలదా?" అన్నారు.

నేను ఒప్పుకోలేదు. మా ఇంట్లో కొన్నవాటి గతి నాకు తెలుసు. నడక యంత్రం కొన్నాం, దాని మీద ఇప్పుడు తువ్వాళ్లు నడుస్తున్నాయి. రొట్టెల మిషన్ కొన్నాం, అది అట్టపెట్టెలోనే ఉంది, పెట్టె మీద పూలకుండీ ఉంది. విజ్ఞాన సర్వస్వం అన్ని సంపుటాలూ కొన్నాం. అవి నేనే కొన్నాను కనుక ఎక్కువ రాయను.

టీచరుగా బడి లైబ్రరీ కూడా నడిపినదాన్ని. తిరిగి ఇవ్వాల్సిన పుస్తకాన్నే మనిషి చదువుతాడు.

తీర్మానం: ఈ ఇంట్లో సినిమా కొనేది లేదు. కిరాయికే. వారానికి ఒకటి, మొదలుపెడితే చివరిదాకా.

సంతకం చేశాను. మా ఆయన చేత కూడా చేయించాను. ఆయన చదవకుండానే చేశారు. సర్వీసంతా అలాగే చేశారు.

జూన్ 10, సోమవారం

అచ్చంపేట బస్సులో మా ఆడబిడ్డ గోపమ్మ వదినె దిగింది. కంట్లో శుక్లం. ఇరవై నాలుగున ఇక్కడే మహబూబ్‌నగర్‌లో ఆపరేషన్. చెప్పులు విప్పక ముందే టీవీని చూసింది.

"పిల్లా, గిండ్ల మా ఆయన సినిమ వస్తదా?"

మా ఆయన నవ్వారు. "ఇగ మొదలైంది హీరో కథ."

హీరో అంటే వదినె భర్త భీమయ్య. పోయి నాలుగేళ్లయింది. ముప్పై ఏళ్ల కింద అడవి అంచున ఒక సినిమా తీశారట. అందులో కథానాయకుడు గొర్రెల కాపరి వేషంలో దాక్కుంటాడు. గొర్రెలు భీమయ్యవి. కథానాయకుడు గొంతు పోయేలా పిలిచినా ఒక్క గొర్రె తల ఎత్తలేదట. భీమయ్య ఒక్క కేక వేస్తే మంద మొత్తం కదిలిందట. దాంతో ఆ కేకనే మిషన్‌లో పట్టి, ఆయన్ను కూడా ఓ పక్కన నిలబెట్టారట.

ఈ సంగతి ఆయన ప్రతి పెండ్లిలో చెప్పేవాడు. ఎవరూ నమ్మలేదు. మా ఆయన అసలే నమ్మలేదు. సినిమా అచ్చంపేట టాకీసుకు వచ్చినప్పుడు ఆఖరి బస్సు కోసం అందరూ నడుమలో లేచి వచ్చారు. టీవీలో వచ్చినప్పుడు కరెంటు ఉండేది కాదు. ఆ ఘట్టం చూసినవాళ్లు మా చుట్టాల్లో ఒక్కరూ లేరు.

"ఆపరేషనైనంక తీరిగ్గా చూద్దాం వదినె," అన్నాను.

"గట్లెట్ల? డాక్టరు నా కంట్ల పాత అద్దం తీసి కొత్తది ఏస్తడంట. కొత్త అద్దానికి మా ఆయన ఎవలో ఏమెరుక? ఆయనను సూసిన కన్నుతోనే సూడాలె."

భీమయ్యది వేరే ఫొటో లేక, ఆధార్ కార్డు ఫొటోనే పెద్దది చేయించి దానికి దండ వేసిన మనిషి. ఆ ఫొటోలో ఉన్నది భీమయ్యో, పట్టుబడిన దొంగో చెప్పడం కష్టం.

మా కోడలు భాగ్యలక్ష్మి వెతికితే సినిమా దొరికింది! కిరాయికా, కొనడానికా అని టీవీ అడిగింది. "కొనుండ్రి," అంది వదినె. "కిరాయి," అన్నాను నేను. తీర్మానం తీర్మానమే.

జూన్ 11, మంగళవారం

సాయంత్రం నాలుగింటికి మొదలు. బొరుగులు, చాయ్, అందరం సిద్ధం. కథానాయకుడు పుట్టాడు.

ఎదురింటి నాగులమ్మ పెరుగు తోడు కోసం వచ్చింది. "ఏం సినిమ?" అని కూర్చుంది.

"బిడ్డా, మొదటికి పెట్టు," అంది వదినె కోడలితో.

కథానాయకుడు మళ్లీ పుట్టాడు.

పాలు పోసే వీరేశం వచ్చాడు. డబ్బా కింద పెట్టి గుమ్మంలో నిలబడ్డాడు. మళ్లీ మొదటికి.

"ఎందుకు వదినె ఇట్లా?" అన్నాను.

"మంద లెక్క పెట్టేటప్పుడు నడుమల ఎవలన్న పలకరిస్తె ఏం జేస్తం? మల్ల ఒకటి నుంచే గద. నడుమ నుంచి అందుకుంటె ఒక జీవం తప్పిపోతది. నువ్వు సదువుకున్నదానివి, మరిసినట్టున్నవు."

మరవలేదు. మా బాపు కూడా అట్లాగే లెక్క పెట్టేవాడు. సాయంత్రం ఆయనను పలకరించిన పాపానికి అన్నం చల్లారిపోయేది.

ఈ రోజు కథానాయకుడు నాలుగుసార్లు పుట్టాడు. ఒక్కసారీ పెరిగి పెద్ద కాలేదు.

జూన్ 13, గురువారం

నిన్న కథానాయకుడికి మీసాలు వచ్చాయి. పాట మొదలైంది. రాజేశ్ డ్యూటీ నుంచి వచ్చి "ఎందాక అయింది?" అన్నాడు. అనకుండా ఉండాల్సింది. మొదటికి.

ఈ రోజు సరిగ్గా మొదటి కొట్లాటలో తెర నల్లబడింది. గడువు అయిపోయింది. దుండగుడి పిడికిలి గాలిలోనే ఉండిపోయింది.

వదినె కండ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

మా ఆయన అన్నారు: "బావ గండ్ల ఉంటె కదా కనబడనీకి."

ఆ మాటకు వదినె రాత్రి అన్నం సగమే తిన్నది.

జూన్ 15, శనివారం

రెండో కిరాయి. తీర్మానం చెక్కుచెదరలేదు. రెండుసార్లు కిరాయికి తీసుకోవడం కొనడం కాదు.

కొత్త నియమాలు పెట్టాను. ఎవరూ రాకూడదు. వస్తే మాట్లాడకూడదు. మాట్లాడితే సినిమా గురించి అడగకూడదు.

నాగులమ్మ చుట్టాన్ని వెంటబెట్టుకొని వచ్చింది. ఆ చుట్టం దేవరకొండ నుంచి వచ్చింది. దేవరకొండ నుంచి వచ్చిన మనిషికి నడుమ నుంచి ఎట్లా చూపిస్తాం? ఈసారి నేనే మొదటికి పెట్టమన్నాను. మర్యాద ఒకటి ఉంటుంది కదా.

మా ఆయన పేర్లు పడేటప్పుడే నిద్రపోయారు. ఆయనకు ఈ సినిమాలో తెలిసింది పేర్లు మాత్రమే.

జూన్ 17, సోమవారం

ఇంటర్వెల్ దాకా వెళ్లాం! కథానాయకుడు అడవి దారి పట్టాడు. వదినె ముందుకు జరిగింది. అప్పుడు కరెంటు పోయింది. వచ్చేసరికి గడువు పోయింది.

కోడలు మెల్లగా అంది: "అత్తమ్మా, మూడోసారి కిరాయి కడితే కొన్నదానికంటె ఎక్కువైతది."

"ఇది లెక్క గురించి కాదు, పద్ధతి గురించి," అన్నాను.

కోడలు వంటింట్లోకి వెళ్లి నవ్వింది. గోడలు పలుచన. వినబడింది.

జూన్ 19, బుధవారం

ఈ రోజు సినిమా లేదు. కంటి పరీక్షలకు దవాఖానకు వెళ్లాం. వరుసలో కూర్చొని వదినె పక్కవాళ్లందరికీ చెప్పింది, తన భర్త సినిమాలో ఉన్నాడని. ఒకావిడ, "ఏ సినిమ?" అంది. వదినె పేరు చెప్పింది.

"నేను సూసిన. గొర్ల కాపరి ఎవలు లేరు గండ్ల."

"నువ్వు బస్సు కోసం లేసిపోయి ఉంటవు," అంది వదినె.

ఆటోలో తిరిగి వస్తూ నన్ను అడిగింది: "పిల్లా, నిజంగ లేకపోతెనో? మా ఆయన నాతోని గూడ అబద్ధమాడి ఉంటెనో?"

ముప్పై ఏళ్లు పిల్లల ప్రశ్నలకు జవాబులు చెప్పాను. ఆటో చప్పుడులో వినబడనట్టు కూర్చున్నాను.

జూన్ 21, శుక్రవారం

మూడో కిరాయి. సాయంత్రం మొదలుపెట్టాం.

ఒక చిన్న తప్పు చేశాను. వదినె చాయ్ తాగుతుంటే కోడలికి సైగ చేసి, సినిమాను నేరుగా అడవి దగ్గరికి జరిపించబోయాను. వదినెకు చూపు తక్కువే గానీ చెవులు బాగా పనిచేస్తాయి.

"గా బావి కాడి పాట యాడవాయె?"

"అది... అయిపోయింది వదినె."

"టీచరమ్మా, బడిల పిల్లలు గిట్లనే పేజీలు దాటేస్తె నువ్వు ఏం జేస్తుంటివి?"

మొదటికి పెట్టించాను. వదినె నా చేత గోడ కుర్చీ వేయించనందుకు సంతోషించాను. అంతలో వీరేశం పాలు తెచ్చాడు. ఇక రాయను.

జూన్ 22, శనివారం

ఈ రోజు పకడ్బందీగా చేశాను. ముందు తలుపుకు బయట తాళం వేసి, చుట్టూ తిరిగి పెరటి తలుపులోంచి ఇంట్లోకి వచ్చాను. ఫోన్లన్నీ బియ్యం డబ్బాలో పెట్టాను. ఒకప్పుడు పరీక్ష పేపర్లకు కూడా ఇంత కాపలా కాయలేదు.

పుట్టాడు. పెరిగాడు. పాడాడు. కొట్టాడు. ఎవరూ రాలేదు.

బయట వీరేశం గొంతు వినబడింది. "తాళమున్నది. గోపమ్మవ్వకు ఏమన్న అయిందో ఏమో, దవాఖానకు తీస్కపోయినట్టున్నరు."

"అయ్యో, నిన్ననే మంచిగుండె గద!" నాగులమ్మ.

మేం ఊపిరి బిగబట్టాం. బతికున్న గోపమ్మ వదినె నోట్లో కొంగు కుక్కుకుంది.

ఇంటర్వెల్ దాటింది. కథానాయకుడు అడవిలోకి వచ్చాడు. తలపాగా చుట్టాడు, గొంగడి కప్పుకున్నాడు. కొండవాలు నిండా నల్లగొర్రెలు.

వదినె లేచి టీవీ దగ్గరికి వెళ్లింది. దాదాపు ముక్కు ఆనించింది.

తెర అంచున ఒక మనిషి ఉన్నాడు. కర్ర మీద బరువు మోపి, గొంగడి కప్పుకొని, వీపు ఇటు పెట్టి నిలబడ్డాడు.

"గాయననేనా?" అంది కోడలు.

"మొకం సూపెట్టడేందే?" వదినె తెర మీద వేలితో తట్టింది. "ఇటు తిరుగరాదు! ఓ మనిషీ, ఇటు తిరుగు!"

ఆయన తిరగలేదు. గొంగడి కప్పుకొని వీపు పెడితే కాపరులందరూ ఒకటే. ఇది భీమయ్యే అని నేను ఏ నోటితో చెప్పగలను? వదినె చెయ్యి తెర మీదనే ఉంది.

అప్పుడు కథానాయకుడు నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి ఆయనది కాని గొంతు వచ్చింది.

"ట్రుర్ర్‌ర్... హో... హోయ్, బా బా బా!"

మంద మొత్తం తల ఎత్తింది.

మా ఆయన కూడా.

పేర్లు పడేటప్పటి నుంచి గుర్రుపెడుతున్న మనిషి కుర్చీలోంచి లేచారు. కండ్లు ఇంకా మూసే ఉన్నాయి. కాలితో చెప్పుల కోసం నేలంతా వెతుకుతున్నారు.

"ఆ... వస్తున్న బావా! వస్తున్న!"

ఆయన కండ్లు తెరిచి మమ్మల్ని చూశారు.

"బావ పిలిచిండు గద?"

వదినె నిదానంగా ఇటు తిరిగింది. "యాడ పిలిచిండు తమ్మీ? గది సినిమ. మా ఆయన సినిమల లేడంటివి గద."

మా ఆయన కూర్చున్నారు. ఒక కాలికి నా చెప్పు ఉంది. చిన్నప్పుడు బావ వెంట మంద కాసిన మనిషి. ఆ కేక వినబడితే ఎక్కడున్నా పరుగెత్తాల్సిందేనట. ఆ సంగతి మాకెవరికీ ఎన్నడూ చెప్పలేదు. బావను హీరో అని వెక్కిరించడం మాత్రం మరవలేదు.

నా చెప్పు విడిచి, "మల్ల పెట్టు," అన్నారు.

"మొదటి నుంచా మామా?" అంది కోడలు.

"వద్దు బిడ్డా," అంది వదినె. "గా కేక కాడికే పెట్టు. మంద దొడ్లకొచ్చింది. ఇగ లెక్కతోని పనిలేదు."

జూన్ 23, ఆదివారం

పొద్దున నాగులమ్మ ఏడుపు ముఖంతో టిఫిన్ డబ్బా తెచ్చింది. తలుపు తీసింది గోపమ్మ వదినే. డబ్బా కింద పడబోయి ఆగింది. ఉప్మా బాగుంది.

వచ్చినవాళ్లందరికీ కేక వినిపించారు. వినిపించింది వదినె కాదు, మా ఆయన. "మా బావ గొంతే," అని ఒక్కొక్కరికీ చెప్పారు. రిమోట్ వాడటం కూడా నేర్చుకున్నారు.

సాయంత్రం గడువు అయిపోయింది. తెర నల్లబడింది.

రేపు పొద్దున్నే ఆపరేషన్. వదినె అడగలేదు. ఆ నల్ల తెర వైపు చూస్తూ కూర్చుంది, అంతే. మా ఆయన నా వైపు చూశారు. కోడలు పైకప్పు వైపు చూసింది.

కొన్నాను.

దీన్ని సినిమా కొనడం అనరు. దీన్ని... ఏమంటారో రేపు ఆలోచించి రాస్తాను.

జూన్ 25, మంగళవారం

ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పారు. నల్లద్దాలు పెట్టారు. వదినెకు అద్దంలో చూపిస్తే, "ఇప్పుడు నేను గూడ హీరోనే," అంది.

నిన్న తీర్మానం గురించి ఏమీ ఆలోచించలేదు. ఈ రోజు కూడా తీరిక లేదు.

జూన్ 29, శనివారం

డాక్టరు టీవీ చూడవచ్చన్నాడు. "వదినె, సినిమా పెట్టమంటావా? ఇప్పుడు మనదే, గడువు లేదు," అన్నాను.

"ఇప్పుడెందుకే? ఇంట్లనే ఉన్నడు గద, యాడికి పోతడు," అని చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చుంది.

చూశారా! కొన్నదాన్ని చూడరని నేను మొదటి రోజే రాశాను. అయినా ఈసారి ఎందుకో ఎవరినీ దెప్పాలనిపించలేదు.

జూన్ 30, ఆదివారం

పొద్దున చాయ్ దగ్గర మా ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఏమే, నేను గూడ ఒక సినిమల ఉన్న. మన పాలమూరు బస్టాండ్ల షూటింగైనప్పుడు పబ్లిక్‌ల నిలబడ్డ. ఎర్ర బస్సు ఎనక. మీకెన్నడు చెప్పలె, నమ్మరని."

వదినె నల్లద్దాలు పైకెత్తి తమ్ముణ్ణి చూసింది. "వచ్చిండు హీరో."

మా ఆయన తల దించుకున్నారు. నవ్వు ఆగలేదు ఎవరికీ.

కోడలు వెతికింది. ఆ సినిమా కూడా ఉంది. కిరాయికా, కొనడానికా అని టీవీ అడిగింది.

తీర్మానం (కొత్తది): ఈ ఇంట్లో ఇకపై సినిమా కొనేది లేదు. కిరాయికే. మొదలుపెడితే చివరిదాకా. సంతకం చేశాను. ఈసారి మా ఆయన చదివి చేశారు.

సాయంత్రం నాలుగింటికి మొదలు. తాళం ఎక్కడ పెట్టానో వెతకాలి.

ఎవరో తలుపు తడుతున్నారు.