మూఢమని ఆగిన మరమ్మతు

బాబాయ్,

నువ్వు పోయి నేటికి ఏడాది. పెడన కలంకారీ సంఘం వెబ్‌సైట్‌ను ఈ రోజు నేనే బాగుచేశాను.

నువ్వు పెట్టిన సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉందని, పాస్‌వర్డ్ లేకుండానే ఎవరైనా చొరబడవచ్చని, దాన్ని తయారుచేసినవాళ్లే పోయిన నెల ప్రకటించారు. సరిచేసిన వెర్షన్ కూడా అదే రోజు ఇచ్చారు. పరుగెత్తుకెళ్లి చెప్తే సంఘం ప్రెసిడెంటు గారు, "ఇప్పుడు మూఢం కదమ్మా, కొత్తదేదీ ఎక్కించకూడదు" అన్నారు. దొంగలకు మూఢం లేదు. వారం తిరక్కుండా ఎవరో దూరి మన అచ్చుల ఫొటోలన్నీ చెరిపేశారు.

అప్పుడు అందరి ముందూ ఆ ప్రెసిడెంటు ఏమన్నాడో తెలుసా? "పోయినవాణ్ణి అనకూడదు గానీ, మీ బాబాయి సరిగ్గా పెట్టలేదు."

నువ్వు దాచిపెట్టి వెళ్లిన కాపీల నుంచి ఫొటోలు తిరిగి పెట్టి, కొత్త వెర్షన్ ఎక్కించాను.

"ఇంకా మూఢం పోలేదే" అని గొణిగాడు.

"ఫొటోలు పోయాయి కదండీ" అన్నాను.

"సరేలే. సైట్ కింద ఉన్న మీ బాబాయి పేరు తీసేసి నీది పెట్టుకో."

తీయలేదు. నీ పేరు కింద ఒక వాక్యం చేర్చాను: "లోపం తెలిసిన రోజే సరిచేయవలసింది; మూఢమని ప్రెసిడెంటు గారు ఆపించారు." ఒక్క మాటా ఎక్కువ కాకుండా ఎన్నోసార్లు తిరగరాశాను. ఇప్పుడు పెడనంతా చదువుతోంది.

"గారు" కొట్టేద్దామనుకున్నాను. నువ్వుంటే ఉంచమనేవాడివని ఉంచాను.