పశువులపాక ముందు రాగి మొలకలు

బెంగుళూరు కంటోన్మెంటు

మరియమ్మా,

నువ్వు కన్నుమూశాక ఇదే మొదటి క్రిస్మస్. బాలయేసు బొమ్మ పెట్టే పశువులపాక ముందు పచ్చిక కోసం, నువ్వు ఏటా చేసినట్టే రేకు పళ్లెంలో మట్టి పోసి రాగులు చల్లాను. యుద్ధకాలపు రేషను రాగులు. రెండు వారాలైనా ఒక్కటీ మొలవలేదు.

పక్కింటి పుట్టమ్మ చూసి, "పుచ్చు రాగులప్పా ఇవి, యాడ మొలుస్తాయి? మా ఊరు హొసకోటె విత్తనం ఉండాది, చల్లుకో" అని కొంగులోంచి గుప్పెడు తీసి పోసింది.

దేవుడు ఇలాంటి చేతులతోనే ఇస్తాడనేదానివి. అయ్యుండొచ్చు. కానీ పండగ ఎల్లుండే. అప్పటికి ఇవి మొలవవని తెలిసీ, పొద్దున నీ చెంబుతో నీళ్లు చల్లాను.

పచ్చిక లేకపోయినా ఆయన వస్తాడు. నేను ఎదురుచూస్తున్నది ఆయన కోసం కాదు, మరియమ్మా.