ఐదు బారల వలకు మూడు సారీలు

జాలారిపేట, 4 ఆగస్టు 1987

బావ వీర్రాజుకు,

మూడు రోజులుగా ఈదురుగాలి. పడవలు కదల్లేదు. ఈ ఉదయం వల ఇసుకలో పరిచి చిరుగులు కడుతూ ఉంటే మధ్యలో ఐదు బారల ముక్క లేదు. అది చిరగలేదు, ఎవరో కత్తితో కోశారు. ఆదివారం నువ్వూ నీ ప్లాంటు స్నేహితులూ తప్ప ఇటు ఎవరూ రాలేదు. గాలి తగ్గేలోపు ఆ ముక్క పంపు. అది లేకపోతే నాకు వేట లేదు.

ఇట్లు, పోలిరాజు

తా.క. ఆ రోజు మీరు తిన్న వంజరం ఆ వలలో పడిందే.

ఉక్కునగరం, 8 ఆగస్టు

గౌరవనీయులైన బావగారికి,

సారీ. మా సెక్టారులో వాలీబాల్ పోటీలు. నెట్టు లేదు. ‘నీది సముద్రం ఒడ్డు ఊరే కదా’ అని ఫోర్‌మన్ అందరి ముందూ అన్నారు. కాదనలేకపోయాను. అడగకుండా కోసినందుకు సారీ. పోటీలు నెలాఖరుదాకా ఉన్నాయి. అందుకూ సారీ.

మీ వీర్రాజు

తా.క. ఇంతవరకు ఒక్క బంతీ దూరలేదు. మీ పనితనాన్ని అందరూ మెచ్చుకున్నారు.

జాలారిపేట, 13 ఆగస్టు

వీర్రాజుకు,

గాలి తగ్గి రెండు రోజులైంది. పేటంతా వేటకు పోయింది. నేను ఒడ్డున కూర్చున్నాను. నీ ఉత్తరంలో సారీలు మూడున్నాయి, వల లేదు.

ఆ ముక్క నేనే అల్లుకుందామని దారం కోసం బయలుదేరాను. కండక్టరు ‘సారీ, ఖాళీ లేదు’ అని బస్సెక్కనివ్వలేదు. నడిచి వన్ టౌన్ వెళ్తే తాళ్ల దుకాణం నజీర్ అహ్మద్ గారు ‘సారీ పోలిరాజు భాయ్, స్టాకు లేదు’ అన్నారు. మల్కాపురంలో కంపెనీ పని చేసే తెలిసినవాడిని అడుగుదామంటే గేటు దగ్గర వాచ్‌మన్ ‘సారీ’ అని వెనక్కి పంపాడు. ఒక్క రోజులో నాకు ఆ మాటకు అర్థం తెలిసింది. ఇవ్వను, పో అని చెప్పడానికి మొహం చెల్లనివాళ్లు సారీ అంటారు.

మన పేటలో ఒకడి వల పాడుచేసినవాడు ఇసుకలో కూర్చుని తన చేత్తో కట్టి ఇస్తాడు. నువ్వూ ఈ పేటలోనే పుట్టావు.

పోలిరాజు

తా.క. ఈ ఉత్తరం నీ భార్యకు చదివి వినిపించు. అది నా చెల్లెలు.

ఉక్కునగరం, 18 ఆగస్టు

బావకు,

సారీ అంటే తప్పు ఒప్పుకున్నట్టు. ఇక్కడ ఆఫీసర్లు ఆ మాట అంటే గొడవ అక్కడితో సరి. ఆ తర్వాత కూడా వల అడిగేవాడు మొరటువాడు. నాకు సెలవు లేదు, రాలేను.

నీ మాట ప్రకారం చిట్టమ్మకు చదివి వినిపించాను. నిన్న డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం. ఆటస్థలంలో రెండు కర్రలే మిగిలాయి. పోటీలు ఆగిపోయాయి. ఫోర్‌మన్ నా మొహం చూడటం లేదు. చిట్టమ్మను వెంటనే పంపు.

వీర్రాజు

తా.క. బియ్యం డబ్బా ఎక్కడ పెట్టిందో అడిగి రాయి.

జాలారిపేట, 22 ఆగస్టు

వీర్రాజుకు,

చిట్టమ్మ పదిహేడున గోనెసంచిలో ముక్కతో దిగింది. నాలుగు రోజులు ఇసుకలో కూర్చుని వల కట్టింది. నేను చెయ్యి వేయబోతే ఒప్పుకోలేదు. ‘ఆడు కోసీసినాడు. ఆడింటి మనిసే కట్టాల. నువ్వెల్లి తొంగో అన్నా’ అంది.

నీ ఉత్తరం చదివి వినిపించాను. ‘ఎప్పుడెల్తావే’ అని అడిగాను. ముడి వేస్తూ, తల ఎత్తకుండా, ‘సారీ అని రాసీ’ అంది.

బియ్యం డబ్బా గురించీ అడిగాను. దానికీ అదే రాయమంది.

పోలిరాజు

తా.క. ఈ ఉదయం ఐదింటికి వేటకు వెళ్లి వచ్చాను. పది గంటల బస్సుకు చిట్టమ్మ చేపల గంపతో వన్ టౌన్ వెళ్లింది.