పెట్రోలు తాగే పడవ

నరసమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ తమ్ముడు నాగప్పా నేనూ కలిసి మోటారు పడవ కొన్నాం. తుంగభద్రను ఇట్టే దాటిస్తుంది గానీ, పెట్రోలైనా మరమ్మతు మనిషైనా ఆదోని నుంచే రావాలి. ఆ ఖర్చుకు పదిమంది నిండందే కదలదు.

ఈ పొద్దున ఒక నిండుచూలాలు, కానుపుకు పుట్టింటికి పోతూ ఒంటరిగా ఒడ్డున నిలబడింది. ఇంకెవరూ రాలేదు.

"ఒక్కమ్మకు అంత పెట్రోలు కాలిస్తే మనం ఇసక తినాల్సిందే బావా" అన్నాడు నాగప్ప.

అదీ నిజమే. మూలనున్న మన గుండ్రటి తోలు పుట్టిని నీళ్లలోకి లాగాను. తెడ్డు వేసి దాటించాను.

అవతలి ఒడ్డున ఆ పిల్ల కొంగుముడి విప్పుతూ, "ఎంతియ్యాల తాతా?" అంది.

"కానుపుకు పోయే పిల్ల దగ్గర తీసుకుంటే మీ నరసమ్మవ్వ తిడతాది, పో తల్లీ" అన్నాను.